లేవి పిడికెడు

కుండలో పెట్టిన చెయ్యి నేరుగా అడుక్కు తగిలింది.

జీవమ్మ చెయ్యి బయటికి తీసి చూసుకుంది. వేళ్లకు ఒక్క కొర్ర గింజ కూడా అంటలేదు. మళ్లీ పెట్టి ఈసారి అడుగంతా తడిమింది. నమ్మకం చాలక కుండను గూట్లోంచి దించి వాకిలి దగ్గరికి తెచ్చి, ఎండ లోపలికి పడేలా వంచి చూసింది. అప్పటికే ప్రార్థన గుడిలో మొదటి గంట కొట్టి కాసేపయింది.

"ఏసుమణీ, ఈ కుండ ఎవురన్నా కడిగిరా?" అని కూతుర్ని అడిగింది.

జడ వేసుకుంటున్న ఏసుమణి లేదంది. ఎవరు కడుగుతారు? ఆ ఇంట్లో ఆ కుండ జోలికి పిల్లి కూడా పోదు. పొయ్యికి ఎడమ పక్క గూట్లో రెండు కుండలుంటాయి. పెద్దది ఇంటి పేరున దేవుడికి. చిన్నది, మూతి ఇరుకుది, లేవిది. రెండున్నరేళ్ల కిందట లేవి పటాలంలో చేరి పోయిననాటి నుంచి అది అక్కడే ఉంది.

"అయితే గింజలు యాడికి పాయ?"

ఈ ప్రశ్న ఏసుమణిని అడిగింది కాదు. వంటింటి గడపలో నీళ్ల కడవ దించుతున్న కోడలు ప్రేమమ్మ చేతులు ఆగిపోయాయి. బయట అరుగు మీద, తెల్లచొక్కా తొడుక్కుని పాటల పుస్తకం ఒళ్లో పెట్టుకున్న పెద్దకొడుకు ఏసేపు తలెత్తలేదు.

ఆ పల్లెలో క్రైస్తవుల ఇళ్లల్లో వంటకు గింజలు తీసేటప్పుడు ముందు ఒక పిడికెడు దేవుని కుండలో పడాలి. ఆదివారం ఆ కుండ గుడికి పోతుంది. పిడికెడు బియ్యం అని పేరు మాత్రం ఘనంగా చెబుతారు గానీ, బద్వేలు చుట్టుపక్కల ఆ ఎర్రనేలల్లో బియ్యం మొహం చూసేది పండక్కే. కాబట్టి కొర్రలో జొన్నలో పడతాయి. దేవుడు ఇంతవరకు పేచీ పెట్టలేదు.

ఇంట్లో ఎవరైనా దూరం పోతే వాళ్ల పేరున వేరే కుండ పెడతారు. ఇంట్లో ఉండుంటే తినేవాళ్లే గదా, ఆ ముద్ద ఇక్కడ దేవుడికిస్తే అక్కడ దేవుడు వాళ్లకు పెడతాడని నమ్మకం. ఇది ఏ దొర వచ్చి నేర్పిందీ కాదు, ఏ గ్రంథంలో రాసిందీ కాదు. ఎదురుచూసే ఆడవాళ్లు చేతులు ఊరికే ఉంచుకోలేక కల్పించుకున్నది. గుడి కూడా కాదనలేక ఒప్పుకుంది.

జీవమ్మ ఎనిమిది రోజులు ఊళ్లో లేదు. చెల్లెలి కూతురికి కాన్పని రాయచోటి పోయి, నిన్న సాయంత్రం బొగ్గుతో నడిచే బస్సులో ఒళ్లంతా మసి చేసుకుని వచ్చింది. పోయేముందు కోడలికి బర్రె సంగతి చెప్పలేదు, కారే మిద్దె సంగతి చెప్పలేదు. లేవి పిడికెడు మరవద్దని ఒక్కటే చెప్పింది. అది కూడా మూడుసార్లు చెప్పింది.

"మీ అన్నలు మూన్నాళ్లు ఉండి పోయిరంట గదా," అంది కోడలితో. ఈ మాట రాత్రి ఏసుమణే మామూలుగా చెప్పింది. ఇప్పుడు నాలుక కరుచుకుంది.

ప్రేమమ్మ అన్నలు పోరుమామిళ్ల నుంచి వచ్చిన మాట నిజమే. ఉన్న మాటా నిజమే. మనిషికి రెండేసి సంగటి ముద్దలు తినే వాళ్లన్న మాటా నిజమే.

ప్రేమమ్మ ఒకసారి వీధి వాకిలి వైపు చూసింది. అక్కడి నుంచి ఏమీ రాలేదు. తల దించుకుని, "నేనే వండేసినా అత్తా," అంది.

ఆ తర్వాత జీవమ్మ అన్న మాటలన్నీ ఇక్కడ రాయనక్కర్లేదు. అత్తలున్న ఇళ్లల్లో పుట్టిపెరిగిన వాళ్లకు అవి తెలుసు. కోడలి పుట్టింటి దాకా పోయింది, పుట్టినూరి దాకా పోయింది, ఆ ఊళ్లో పండే జొన్న దాకా పోయింది. ఆఖరున మాత్రం గొంతు తగ్గిపోయింది.

"నా బిడ్డ నోటికాడిది తీసి మీయోళ్లకు పెడితివి గదే పిల్లా."

ప్రేమమ్మ కళ్లల్లోంచి నీళ్లు జారి కడవ మూతి మీద పడ్డాయి. ఆమె తుడుచుకోలేదు.

ఏసుమణి మాత్రం అన్నను చూస్తోంది. ఏసేపు సంగతి ఊరందరికీ తెలుసు. మనిషి మంచివాడే గానీ ముక్కు మీద కోపం. పోయినేడు ఎవరో చుట్టం, ప్రేమమ్మ అన్నల ఎద్దులు బక్కవని నవ్వులాటకు అంటే, తినే తినే సంగటి వదిలేసి లేచిన మనిషి. అట్లాంటివాడు ఈపూట పెళ్లాన్ని తల్లి దొంగను చేసి నిలబెడుతుంటే గడ్డపార మింగినట్టు కూర్చున్నాడు. పాటల పుస్తకం మాత్రం రెండు చేతులా గట్టిగా అదిమి పట్టుకున్నాడు.

ప్రేమమ్మ ఆ కుండలోంచి తీయడమేమిటి? ఏసుమణికి ఎంత ఆలోచించినా పొసగలేదు. అసలు ఆ కుండలో మొదటి పిడికెడు వేసింది లేవే.

ఆ పొద్దు ఆమెకు నిన్న మొన్నటిలాగే ఉంది. బద్వేలు సంతలో గుడారం వేసి, సర్కారోళ్లు మగపిల్లల రొమ్ములు కొలిచి పటాలంలోకి తీసుకుంటుంటే, లేవీ పక్కవీధి సిద్దమ్మ కొడుకు తీతూ ఉప్పు తేవడానికి పోయి పేర్లిచ్చి వచ్చారు. ఉప్పు మరిచిపోయారు. అమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. బయల్దేరే పొద్దు ఆమె ఈ కుండ తీసి గూట్లో పెడుతుంటే, లేవి వచ్చి గంపలోంచి పిడికిలి నిండా కొర్రలు తీసి తనే వేశాడు.

"ఇదీ కొల్త. వదిన పిడికిలి చూడు, చింతగింజంత ఉండాది. ఆ యమ్మ ఏస్తే నేను ఆడ పస్తుండి చస్తా," అన్నాడు.

ప్రేమమ్మ పళ్లెం ఎత్తి కొట్టబోయింది. కానీ ఆ రాత్రి నుంచి లేవి కుండలో పూటకు రెండు పిడికిళ్లు వేయడం మొదలుపెట్టింది. జ్వరమొచ్చి పడుకున్నప్పుడు కూడా గోడ పట్టుకుని లేచి వచ్చి వేసేది. చూసిన జీవమ్మ లోపల మురిసిపోయి, పైకి మాత్రం గింజలు దుబారా అని సణిగేది.

లేవి జాబులు రాసేవాడు. వాటిని ఏసేపే చదివేవాడు. ఇక్కడ మూడుపూటలా బియ్యమే పెడుతున్నారమ్మా, నోరు చచ్చిపోయింది, సంగటీ ఊరిబిండి పచ్చడీ తెచ్చేవాడుంటే వాడికి నా తుపాకీ ఇచ్చేస్తా అని ఒకసారి రాశాడు. మీరు వేసే పిడికెడు నాకు అందుతోంది, కాకుంటే దేవుడు దోవలో కొర్రల్ని బియ్యంగా మార్చి పంపుతున్నాడు, అట్ల చెయ్యొద్దని వదినను ప్రార్థన చెయ్యమనండి అని ఇంకోసారి. ఆ జాబును ప్రేమమ్మ ఎన్నిసార్లు చదివించుకుందో. నవ్వీ నవ్వీ ఆఖరుకు ఏడ్చేది. ఈస్టరుకు ముందు వచ్చిందే ఆఖరు జాబు. ఇప్పటికి ఐదు నెలలు దాటింది.

అసలు ఆ కుండకూ లేవికీ చిన్ననాటి నుంచే లంకె. ఆరేళ్ల వాడు అందులో చెయ్యిపెట్టి చెనక్కాయలు పట్టుకున్నాడు. ఇరుకు మూతిలో పిడికిలి ఇరుక్కుంది. విప్పరా నాయనా చెయ్యొస్తుందని అమ్మ బతిమాలింది, నాయన బెదిరించాడు. విప్పితే చెనక్కాయలు పోతాయి గదా అని వాడి వాదన. కుండ చేతికి తగిలించుకునే వీధంతా తిరిగాడు. సాయంత్రానికి అలిసిపోయి అరుగు మీద అట్లే నిద్రపోతే, వేళ్లు వాటంతటవే సడలాయి. అప్పుడు ఏసేపుకు పన్నెండేళ్లు. తమ్ముడు లేవకుండా మెల్లగా కుండ లాగేసి, చెనక్కాయలు ఒక్కటి కూడా నోట్లో వేసుకోకుండా గుడ్డముక్కలో మూటకట్టి వాడి తల కింద పెట్టాడు. కోపిష్టి అన్న చేసిన ఆ పని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

రెండో గంట కొట్టారు.

జీవమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని లేచింది. జరిగిందేదో జరిగింది, ఒట్టి కుండతో గుడికి పోయేది లేదంది. తను ఊళ్లో లేని పూటలన్నిటికీ ఇప్పుడే నింపాలి, ఎవరు తీశారో వాళ్ల చేత్తోనే నింపాలి. గంపలో కొర్రలు తెమ్మని కోడలికి చెప్పింది.

ప్రేమమ్మ గంప తెచ్చి కుండ ముందర కూర్చుంది. పిడికిలి నిండా గింజలు తీసింది. చెయ్యి కుండ మూతి దాకా వచ్చి ఆగిపోయింది. పిడికిలి విప్పలేదు. అత్త తొందరపెట్టింది. ప్రేమమ్మ మళ్లీ వీధి వాకిలి వైపే చూసింది.

"వద్దు," అన్నాడు ఏసేపు.

అరుగు దిగి లోపలికి వచ్చి నడింట్లో నిలబడ్డాడు.

"ఏం వద్దు?"

"దాంట్లో ఎయ్యొద్దమ్మా. ప్రేమి తప్పేం ల్యా. దాని అన్నలు ఆ కుండ మొహం కూడా చూడల్యా. ఎయ్యొద్దని నేనే చెప్పినా. సోమారం మాపిటేల నుంచి. అంతకుముందు పడినవి దేవుని కుండలో పోసినా."

జీవమ్మ కొడుకు మొహంలోకి చూసింది. పాటల పుస్తకం పట్టుకున్న చేతుల్ని చూసింది. తర్వాత కుండ వైపు చూసింది. బర్రె తొట్టిలో నీళ్లు తాగుతున్న చప్పుడు ఇంట్లోకి వినపడింది.

ఆ ఇంట్లో కుండ ఆగిపోవడం ఇదివరకు ఒక్కసారే జరిగింది. వాళ్ల నాయన ఏసన్న ఎర్రగుంట్లలో నాపరాళ్ల గనికి పనికి పోయినప్పుడు ఆయన పేరున ఇట్లాగే కుండ పెట్టారు. నాలుగో నెలలో, చలిజ్వరంతో పోయాడని మనిషి వచ్చి చెప్పాడు. జీవమ్మ అప్పుడు పొయ్యి ముందర ఉంది. అరవలేదు. ముందు లేచి, కుండలో ఉన్న గింజల్ని దేవుని కుండలో పోసి, ఒట్టిదాన్ని బోర్లించి పెట్టి, ఆ తర్వాత కూలబడింది. పిల్లలు ముగ్గురికీ నాయన లేడన్న సంగతి అట్లా తెలిసింది.

"మీ నాయన కుండ నేనే బోర్లిస్తి," అంది జీవమ్మ నెమ్మదిగా. "నీకు ఆ మాత్రం చెయ్యి రాకపాయనా అబ్బీ? మూతి పైకే పెట్టి, ఊరికే వదిలేస్తివి."

ఏసేపు పాటల పుస్తకం విప్పి మధ్యలోంచి మడిచిన కాగితం తీశాడు. తల్లికివ్వడానికి చెయ్యి చాపి, ఆమెకు చదవడం రాదని గుర్తొచ్చి మళ్లీ తనే పట్టుకున్నాడు.

సోమవారం బద్వేలు పోతే పోస్టాఫీసులో ఇచ్చారు. అంతా ఇంగ్లీషు. అక్కడి అయ్య రెండుసార్లు చదివి తెలుగులో చెప్పాడు. మణిపురం అవతలి కొండల్లో జపానువాళ్లతో యుద్ధం జరిగేచోట, జూన్ నెల తొమ్మిదో తేదీ నుంచి లేవి కనపడలేదు. వెతుకుతున్నారు. తెలిస్తే మళ్లీ రాస్తారు.

"చనిపోయినాడని రాసుండాదా అన్నా?" అని ఏసుమణి అడిగింది.

లేదన్నాడు. కనపడలేదని ఉందన్నాడు. కానీ అక్కడి నుంచి కాలు పోగొట్టుకుని వచ్చినాయన ఒకడు బద్వేలులో ఉంటే పోయి అడిగాడట. ఆ అడవుల్లో మనిషి దొరక్కపోతే సర్కారు అట్లాగే రాస్తుంది, మూడు నెలలు దాటితే ఇక ఆశ పెట్టుకోవద్దు అన్నాడట. ఇదంతా ఏసేపు గోడకేసి చూస్తూ చెప్పాడు. ఆరు రోజులుగా ఆ కాగితాన్ని పాటల పుస్తకంలో మోస్తూ, పాటల పుస్తకాన్ని చంకలో మోస్తూ తిరిగాడు.

"నాకు చెప్పకపోతివి సరే. ఆ పిడికెడు యాల ఆపితివి?" అంది జీవమ్మ. "అదేం తప్పు జేసె?"

"సిద్దమ్మకు ఆపిన గదమ్మా."

ఆ పేరు వినేసరికి ప్రేమమ్మ కూడా తలెత్తింది.

తీతు చనిపోయినట్టు పోయిన క్రిస్మసుకు ముందే తంతి వచ్చింది. పుట్టెడు దుఃఖంలో కూడా ఆ మరుసటి ఆదివారం సిద్దమ్మ ఎప్పటిలాగే కొడుకు కుండ తెచ్చి గుడిలో పెట్టింది. సంఘపెద్ద ఏసేపు. పాదిరి అయ్యగారు బద్వేలు నుంచి నెలకొకసారి వస్తాడు, తక్కిన ఆదివారాలు ఏసేపే నడుపుతాడు. అతను ఆ కుండ ఎత్తి ఆమెకే తిరిగిచ్చాడు. చనిపోయినవాళ్ల పేరున పిడికెడు లేదమ్మా, అట్ల పెడితే పక్కవాళ్లు చనిపోయిన పెద్దలకు పెట్టుకున్నట్టు అవుతుంది, మనకది కూడదు అన్నాడు. మెత్తగానే అన్నాడు. కాని అందరి ముందరా అన్నాడు. సిద్దమ్మ కుండను పైట కింద పెట్టుకుని పోయి ఆడవాళ్ల ఆఖరు వరసలో కూర్చుంది. అప్పటి నుంచి అక్కడే కూర్చుంటోంది.

"ఆ యమ్మకు కూడదన్నోణ్ణి, నా ఇంటికి కూడుతాదని ఎట్లంటా? దేవుని తావ నాకొక కొల్త, సిద్దమ్మకొక కొల్త ఉంటాదా?"

జీవమ్మకు కోపం ఎక్కడికక్కడ ఆగిపోయింది. ఈ కొడుకు ఇంతే. చిన్నప్పుడు తమ్ముడికి జొన్నరొట్టె పంచినా గోరుతో కొలిచి పంచేవాడు. పెద్దముక్క తమ్ముడికి పెట్టి, సమంగానే పెట్టినానని సాధించేవాడు.

"ఒక్కటి చెప్పు," అంది. "నీ తమ్ముడు కనపడలేదా, సచ్చినాడా?"

ఎవరి చావుకూ కళ్లనీళ్లు పెట్టని ఏసేపు, నాయన మట్టి దగ్గర కూడా పాట ఎత్తుకున్న మనిషి, చొక్కా చేతితో కళ్లు అదుముకున్నాడు.

"నాకు తెలీదమ్మా."

"తెలీనోడివి ఎట్ల ఆపితివిరా?"

జీవమ్మ కుండను కొంగుతో తుడిచి చంకన పెట్టుకుంది. వేయని పిడికెడు ఇప్పుడు కుప్పగా పోసి దేవుణ్ణి మోసం చేయనంది. కుండ ఒట్టిగానే గుడికి వస్తుంది. పేర్లు పిలిచేది ఏసేపే. నోరొస్తే లేవిని పిలవమంది, రాకపోతే అక్కడే, అందరి ముందరే బోర్లించమంది. అన్న చేత్తో బోర్లిస్తే తను నమ్ముతుంది. మళ్లీ ఎదురుచూడదు.

గడప దాటబోతూ కోడలి దగ్గర ఆగింది. క్షమాపణ చెప్పుకోవడం ఆ తరం అత్తలకు చేతకాదు. ప్రేమమ్మ చెంప మీద కారిన తడిని బొటనవేలితో తుడిచి, "లెయ్యి పిల్లా, పొద్దయితాంది," అంది. ప్రేమమ్మ కుడిచేతి పిడికిలి ఇంకా మూసే ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఆ గుడి మట్టిగోడలది, పైన నాపరాళ్ల మిద్దె. మగవాళ్లు ఎడమ పక్క, ఆడవాళ్లు కుడి పక్క, కింద చాపల మీద కూర్చుంటారు. ఏసేపు పాట ఎత్తుకున్నాడు. గొంతు ఎప్పటిలాగే ఉందని కొందరూ, లేదని కొందరూ తర్వాత అనుకున్నారు. లేవి ఉన్నప్పుడైతే రెండో చరణం వాడిదే. ఎద్దులతో నీళ్లు తోడే కపిల తోలుతూ బావి దగ్గర పాడీ పాడీ అరిగిన గొంతు, ఎద్దుల్ని అదిలించినట్టు సాగదీసేవాడు. ముసలివాళ్లు విసుక్కునేవాళ్లు. ఇప్పుడు ఆ చరణం దగ్గరికి వచ్చేసరికి ఆ ముసలివాళ్లే కాస్త సాగదీసి పాడతారు.

ఇంటి కుండలన్నీ గంపలో కుమ్మరించడం అయింది. ఆ తర్వాత దూరం పోయినవాళ్ల కుండలు. సంఘపెద్ద పేరు పిలవాలి, ఇంటివాళ్లు జవాబు చెప్పాలి, అప్పుడు గింజలు గంపలో పడాలి. మద్రాసులో రోడ్డు పనికి పోయిన ఒకరిని పిలిచాడు. "దూరాన ఉండాడు" అని పెళ్లాం జవాబు చెప్పింది. దేవుడు తోడుండు గాక అని అందరూ అన్నారు. నర్సు చదువుకు పోయిన ఒక పిల్లను పిలిచాడు. దూరాన ఉందని తండ్రి చెప్పాడు.

మూడోది లేవి కుండ.

ఎత్తితే బరువు లేదు. ఏసేపు ఇరుకు మూతిలోంచి లోపలికి చూశాడు. పద్దెనిమిదేళ్ల కిందట అరుగు మీద నిద్రపోతున్న పిల్లవాడి చేతి నుంచి దీన్ని లాగింది ఈ చేతులే. అప్పుడు వాడు నిద్రలో పిడికిలి విప్పాడు. మెలకువలో విప్పే రకం కాదు. ఏసేపు కుండను చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు. మూతి కొంచెం పక్కకు వంగింది. ఆడవాళ్ల వరసలో జీవమ్మ కళ్లు మూసుకుంది.

"సంఘమా," అన్నాడు. "నా తమ్ముడు జూన్ నెల నుంచి కనపడలేదని కాగితం వచ్చింది. వారం దినాలుగా నా ఇంట్లో వాని పిడికెడు ఎయ్యనీలేదు. అట్ల చెయ్యమని నాకెవురూ చెప్పల్యా. నేనే తీర్పు చేసినా."

చాపల మీద కదలిక పుట్టి సద్దుమణిగింది. కుండ నిటారుగా పట్టుకున్నాడు.

"లేవీ," అని పిలిచాడు.

జీవమ్మ నోరు తెరిచింది. పొద్దుట్నుంచి ఇంటిల్లిపాదినీ నిలదీసిన గొంతుకు ఒక్క మాట కరువయింది. ఏసుమణి తల్లి చెయ్యి పట్టుకుంది. జవాబు లేకపోతే సంఘపెద్ద ఆ కుండను పక్కన పెట్టేయాలి. అందరూ చూస్తున్నారు.

"దూరాన ఉండాడు."

అన్నది ప్రేమమ్మ. లేచి నిలబడి, మొగుడి మొహంలోకి సూటిగా చూస్తూ అంది. నడిచి ముందుకు వచ్చి, ఇంటి నుంచి మూసిపెట్టుకుని వచ్చిన పిడికిలి కుండ మీద విప్పింది. చెమటకు తడిసిన కొర్రలు కొన్ని అరచేతికే అంటుకున్నాయి. వాటిని కూడా వేలితో రాల్చింది.

"ఇది ఈపొద్దుటి పూటది. నా చెయ్యి చిన్నది గదా, ఇంగొకటి ఇంటికి పోయినంక ఏస్తా," అంది మెల్లగా.

దేవుడు తోడుండు గాక అని గుడి మొత్తం అంది. జీవమ్మ పైట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏసేపుకు ఆరు రోజుల తర్వాత ఊపిరి ఆడింది. కుండ గంప మీదికి వంచబోయాడు.

ఆడవాళ్ల ఆఖరు వరసలో ఎవరో లేచారు.

సిద్దమ్మ. చాపల మధ్యగా నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చింది. ఏసేపుకు రెండడుగుల దూరంలో ఆగి, పైట కింది నుంచి చిన్న కుండ తీసింది. నిండా కొర్రలున్నాయి. తొమ్మిది నెలలుగా ఆమె ఆ కుండ ఇంట్లో నింపుతూనే ఉందని, ప్రతి ఆదివారమూ పైట కింద పెట్టుకుని తెచ్చి మళ్లీ తీసుకుపోతోందని అప్పుడు తెలిసింది అందరికీ.

"ఏమప్పా ఏసేపూ," అంది. గొంతులో కోపం లేదు. "కనపడనోడికి పిడికెడు ఉండాదంటివి. మంచిదే. లేవి నా చేతుల్లో పెరిగినోడు, వాడు సల్లగా రానీ. నాక్కూడా నా బిడ్డ కనపడల్యా నాయనా. తంతి కాగితమే కనపడింది. మా తీతును గూడా పిలువు."

జీవమ్మ ఏడుపు ఆపి కొడుకు వైపు చూసింది. ప్రేమమ్మ కూడా వెనక్కి పోకుండా అక్కడే నిలబడిపోయింది.

సిద్దమ్మ కుండ ముందుకు చాచి పట్టుకునే ఉంది. దాన్ని అందుకోవాలంటే ఏసేపు తమ్ముడి కుండ కింద పెట్టాలి. అతని చేతులు రెండూ లేవి కుండ మీదే ఉన్నాయి.